బెగీనుల వాడ

బెల్జియము దేశమందలి బ్రూజ్ పట్టణమున సంతవీథుల సందడి దాటి దక్షిణమునకు నడచినచో, కాలువపై మూడు కమానుల ఱాతివంతెన యొకటి కానవచ్చును. వంతెన కావల ద్వారము. దానిపై 1776 అను సంవత్సరమును, ‘సోవ్‌గార్ద్’ అను ఫ్రెంచి మాటయు చెక్కబడియున్నవి. అభయస్థలమని దాని భావము. పూర్వము నగరాధికారుల యాజ్ఞ యీ గుమ్మము కడనే నిలిచిపోవుచుండెడిది. శాకుంతలమున వేటకు వచ్చిన దుష్యంతుని తాపసులు వారించిన ఘట్టము మాకు జ్ఞప్తికి వచ్చినది.

మేము పోయినది వసంతకాలము. లోపల విశాలమైన పచ్చిక, దానినిండ పసుపుపచ్చని డాఫొడిల్ పూవులు, పొడవైన చెట్లు, చుట్టును సున్నము కొట్టిన చిన్న యిండ్లు. నిశ్శబ్దముగ నుండుడని పలకలు కట్టియున్నారు గాని, అవి లేకున్నను ఇచ్చట గొంతెత్తి మాటాడుటకు మనసొప్పదు.

ఈ వాడను 1245వ సంవత్సరమున ఫ్లాండర్సు సీమ నేలిన మార్గరెట్టు అను ప్రభ్వి స్థాపించెను. ఇది సన్యాసినుల మఠము కాదు. సంసారుల పేటయు కాదు. ఇచ్చట వసించిన స్త్రీలను బెగీనులందురు. ఆ కాలమున ఆడుదానికి గౌరవమైన త్రోవలు రెండే: పెండ్లి, లేదా మఠము. వింత యేమనగా, రెంటికిని కట్నము కావలెను. మఠమునకు కట్నమేమని సోదరీమణులు నవ్వుదురేమో! కన్నియతోడ ధనమో భూమియో రావలెనని చాల మఠములు కోరుచుండెడివి. అది యిచ్చుకొనలేని పిల్లలును, దిక్కులేని వితంతువులును, ఉన్నిపనికై పల్లెలనుండి వచ్చిన పడుచులును ఒకచోట చేరి బ్రతుక నేర్చిరి. ఉన్నంతకాలము బ్రహ్మచర్యము, తాము ఎన్నుకొన్న పెద్దకు విధేయత, ఇంతే నియమము. యావజ్జీవ వ్రతము లేదు. సొంత సొత్తు విడువనక్కఱలేదు. మనసు మాఱినచో వెడలిపోయి పెండ్లాడవచ్చును. ఉన్ని కడిగి, నూలు వడకి, బట్టలుదికి, రోగులకు పరిచర్య చేసి, బాలికలకు చదువు చెప్పి తమ కూడు తాము తినిరి.

గుమ్మము చెంతనున్న యిల్లొకటి చూడవచ్చువారికై పూర్వపు రీతిగనే యుంచినారు. అందొక కొయ్యబీరువా మమ్ము చాలసేపు నిలిపినది. ఒక అఱ గిన్నెలకు, ఒకటి తినుబండములకు. నడుమనుండి పలకను లాగినచో అదియే భోజనపుబల్ల. ఒక్కొక్క బెగీను తన బీరువా యెదుట కూర్చుండి తన భోజనము తాను చేసెడిది. మావారికి ఆ బల్ల మిక్కిలి దిగులుగ తోచినదఁట. ఇంటిల్లిపాదికిని వడ్డించి, చల్లాఱినదానిని కడపట తిను మాకు అట్లు తోచలేదు.

బెగీనులు లేసు కూడ అల్లిరి. నరసాపురము ప్రాంతమున మన స్త్రీలు ఒక్క కొంకిసూదితో అల్లుదురు గదా. ఇచ్చటివారు బిగువైన దిండుపై గుండుసూదులు గ్రుచ్చి, దారము చుట్టిన కొయ్యపుల్లలను పదులకొలది అటునిటు మార్చుచు అల్లుదురు. చూచుచుండగనే కన్నులు తిరుగును.

చర్చి నిరాడంబరమైనది. 1584లో కాలిపోగా, 17వ శతాబ్దారంభమున మరల కట్టిరి. హంగరీ రాకుమారి యగు ఎలిజబెత్తు పేర వెలసినది. ఆమె భర్త 1227లో ధర్మయుద్ధమునకు పోవుచు మరణింపగా, ఇరువదేండ్లకే వితంతువై, రోగులకు సేవచేయుచు 1231లో కన్నుమూసెను. ఇట్టి వాడలకు ఆమె పేరే పెట్టుకొనుటలో ఆశ్చర్యము లేదు.

అందఱికిని ఈ యభయము దొరకలేదు. మార్గరీతు పొరేతు అను బెగీను పరమార్థమును గూర్చి లాటినున గాక జనుల ఫ్రెంచి భాషలో గ్రంథము వ్రాసెను. దానిని త్యజింపనొల్లనందున 1310లో పారిసు నగరమున సజీవముగ దహించిరి. జనకుని సభలో గార్గికి తల పగులునను హెచ్చరికయే కలిగినది. ఈమెకు చితియే పేర్చిరి. పిమ్మట వియెన్నె మతసభ బెగీనులను నిషేధించెను. ఫ్లాండర్సు సీమలో ప్రభువుల యాదరమున వాడలు నిలిచినవి.

బ్రూజునుండి రైలులో గంటలోపుగనే కోర్ట్రైక్ చేరవచ్చును. యాత్రికుల రద్దీ యచ్చట తక్కువ; ఒక్క వాడయే చూడ వీలైనవారికి మేము దీనినే చెప్పుదుము. మార్గరెట్టు అక్కయగు జోను 1238లో దీనిని స్థాపించినది. ఆమె విగ్రహము ముంగిటనే కలదు. ఇఱుకైన ఱాళ్లబాట వెంట తెల్లని యిండ్లు ఒకదానినొకటి ఆనుకొనియున్నవి. గట్టి చెప్పులు లేనిదే ఆ ఱాళ్లపై నడువలేము.

పూర్వసంప్రదాయమున కడపటి బెగీను మార్సెల్లా పాటిన్ ఇచ్చటనే నివసించెను. 1920లో పుట్టిన ఆమెకు చూపు దాదాపు లేకుండెను. గ్రుడ్డిపిల్ల పనికిరాదని పలు మఠములు త్రోసిపుచ్చినవి. 1941లో ఘెంటు నగరపు బెగీనులు ఆమెను చేర్చుకొనిరి; 1960లో కోర్ట్రైకునకు వచ్చెను. ఊలు అల్లుచు, రోగుల కడ అకార్డియను వాయించుచు కాలము గడపి, 2013 ఏప్రిలు 14వ తేదీన తొంబదిరెండేండ్ల ప్రాయమున మరణించెను. ఫ్లాండర్సులోని పదుమూడు వాడలను యునెస్కో 1998లోనే ప్రపంచవారసత్వముగ గుర్తించియుండెను. కోర్ట్రైకు ఇండ్లను బాగుచేసి ఇప్పుడు అద్దెకిచ్చుచున్నారు. బ్రూజునందు మాత్రము ఒంటరి స్త్రీలకే యిత్తురు.