హోట్గి రోడ్ నుండి ఆఖెన్ దాకా: విదేశీ విద్యార్థి దినచర్య, ఇంటివారి లెక్క

సోలాపూర్ తెలుగు కుటుంబాలకు వలస కొత్త కాదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుండి వచ్చిన పద్మశాలీలు ఈ నగరంలో మగ్గాలు నిలిపి, సోలాపూర్ చాదరుకు దేశమంతటా పేరు తెచ్చారు. ఆ కుటుంబాల మూడవ, నాలుగవ తరం పిల్లలు నేడు ఇంజనీరింగ్ ముగించి ఐరోపా వైపు చూస్తున్నారు. హోట్గి రోడ్ నేతవాడలలో ఇటువంటి చదువుకు పెట్టుబడి తరచుగా ఇంటి కాగితాలే. వాటిని బ్యాంకులో ఉంచే ముందు, అక్కడ విద్యార్థి రోజు ఎలా గడుస్తుందో, నెలకు ఎంత ఖర్చవుతుందో ఇంటివారందరూ తెలుసుకొనుట మేలు. ఉదాహరణకు జర్మనీలోని ఆఖెన్ నగరాన్ని ఇక్కడ తీసుకొనడమైనది. బెల్జియం, నెదర్లాండ్స్ సరిహద్దులను ఆనుకొని ఉన్న ఆ నగరం కూడా ఒకప్పుడు ఉన్నిబట్టల నేతకు ప్రసిద్ధి. 1870లో స్థాపితమైన అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో వస్త్ర సాంకేతిక విద్యకు ప్రత్యేక సంస్థ ఉన్నది.

ఖర్చు లెక్క

జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావరకు బోధనా రుసుము తీసుకొనవు. అయితే బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో ఐరోపా సమాఖ్య వెలుపలి విద్యార్థులు సెమిస్టరుకు 1,500 యూరోలు చెల్లించాలి. ప్రత్యేక రుసుము గల కోర్సులు ఇతర చోట్ల కూడా ఉన్నాయి. కనుక "జర్మనీలో చదువు ఉచితం" అన్న మాటను కోర్సు పేరుతో సహా సరిచూసుకొనవలెను.

రుసుము లేకున్నా జీవన వ్యయం ఉన్నది. వీసాకు దరఖాస్తు చేసేవారు ఒక సంవత్సరపు ఖర్చును ముందుగానే నిర్బంధ ఖాతాలో చూపవలసి ఉంటుంది. 2024 సెప్టెంబరు నుండి ఆ మొత్తం 11,904 యూరోలు. యూరోను వంద రూపాయలుగా లెక్కిస్తే సుమారు 12 లక్షలు. ఖాతా నుండి నెలకు 992 యూరోలు మాత్రమే విద్యార్థి చేతికి వస్తాయి. అందులో ఆరోగ్య బీమాకు సుమారు 140 యూరోలకు పైగా, వసతి గృహపు గదికి సుమారు 300 నుండి 400 యూరోల వరకు పోతాయి. మిగిలినదే తిండికి, ఫోనుకు, పుస్తకాలకు, సెమిస్టరు చందాకు. ఆ చందాలో సాధారణంగా బస్సు, రైలు ప్రయాణపు పాసు కలిసి ఉంటుంది.

మహారాష్ట్ర ప్రభుత్వం ఓబీసీ, ఎస్‌బీసీ మొదలైన వర్గాల విద్యార్థులకు విదేశీ విద్యకై ఉపకార వేతనం ఇస్తున్నది. రుణానికి వెళ్ళే ముందు ఆ ప్రకటన, గడువు తేదీ తెలుసుకొనుట అవసరం.

మొదటి పక్షం

తాతల కాలంలో సోలాపూర్ చేరినవారికి తమ ఊరివారి గడప ఒకటి దొరికేది. విద్యార్థికి ఆ వసతి ఉండదు. గదిలో దిగిన రెండు వారాలలోగా నగర కార్యాలయంలో నివాసం నమోదు చేయించుకొనవలెను. అందుకు ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం కావాలి. నివాస అనుమతి మొదలుకొని అనేక పనులకు ఈ నమోదు ఆధారం. కనుక విమానం టిక్కెట్టు కన్నా ముందు గది సమకూర్చుకొనుట తెలివి. నివాసమునకు నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము కూడా ఉన్నది. టీవీ లేకున్నా అది తప్పదు. ఒకే ఇంటిని పంచుకొనేవారు కలిసి ఒక్క రుసుము చెల్లిస్తే చాలు. దాని గురించి వచ్చిన ఉత్తరాన్ని తెరవక పక్కన పడవేయరాదు.

రోజు గడిచే తీరు

డిసెంబరులో ఆఖెన్‌లో సూర్యుడు ఉదయం ఎనిమిదిన్నరకు గాని కనబడడు. సాయంత్రం నాలుగున్నరకే అస్తమిస్తాడు. విద్యార్థి చీకటిలో లేచి, నలుగురైదుగురు పంచుకొనే వంటగదిలో తన గిన్నె తానే కడిగి, బస్సు ఎక్కుతాడు. పది గంటలకు అని వ్రాసిన తరగతి చాలాచోట్ల పదీ పావుకు మొదలవుతుంది. మధ్యాహ్నం విద్యార్థుల భోజనశాలలో చవకగా భోజనం దొరుకుతుంది. శాకాహారం కూడా ఉంటుంది. హాజరు పట్టిక లేని తరగతులే ఎక్కువ. రాలేదని అడిగేవారు ఉండరు. చదువు వెనుకబడిన సంగతి పరీక్షనాడు గాని తెలియదు.

ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. శనివారమే సరుకులు తెచ్చుకొనవలెను. రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు నిశ్శబ్దం పాటించవలెను. మగ్గాల చప్పుడులో నిద్రపోయి పెరిగిన బిడ్డకు ఈ నియమం మొదట వింతగా తోచవచ్చు. కాగితం, వంటింటి వ్యర్థం, ప్యాకింగు చెత్త వేరువేరు డబ్బాలలో వేయాలి. ఒకసారి వాడే ప్లాస్టిక్ సీసా తిరిగి ఇస్తే 25 సెంట్లు వస్తాయి.

పని, పరీక్ష

విదేశీ విద్యార్థి సంవత్సరానికి 140 పూర్తి దినాలు లేక 280 అర్ధ దినాలు పనిచేయవచ్చు. ఆ సంపాదన కూరగాయలకు, గది అద్దెలో కొంతకు ఉపకరిస్తుంది. "అక్కడ పనిచేసి అప్పు తీర్చవచ్చు" అనే దళారి మాట మీద ఇల్లు తాకట్టు పెట్టుట ప్రమాదం. పనిగంటలు పెరిగేకొద్దీ చదువు గంటలు తగ్గుతాయి. అనేక విశ్వవిద్యాలయాలలో ఒక పరీక్షకు మూడు అవకాశాలే ఇస్తారు. మూడవసారి తప్పితే ఆ కోర్సే చేజారిపోవచ్చు. నివాస అనుమతి కూడా చదువుతోనే ముడిపడి ఉన్నది.

మార్కుల పద్ధతి కూడా వేరు. అక్కడ 1.0 అత్యుత్తమం, 4.0 కనీస ఉత్తీర్ణత, 5.0 తప్పినట్లు. "రెండు మార్కులే వచ్చాయా?" అని ఇంటివారు నొచ్చుకొనిన చోట, బిడ్డ నిజానికి మంచి శ్రేణి తెచ్చుకొని ఉండవచ్చు.

పెట్టెలో, ఫోనులో

ఐరోపా సమాఖ్యలోనికి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తీసుకొనిపోరాదు. నెయ్యి, పేడాలు, ఖోవా మిఠాయిలు విమానాశ్రయంలోనే పోవచ్చు. పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. సోలాపూరు పల్లీల చట్నీపొడికి పాలూ మాంసమూ గురించిన నిషేధం వర్తించదు.

కాలభేదం వేసవిలో మూడున్నర గంటలు, శీతాకాలంలో నాలుగున్నర. ఇక్కడ రాత్రి తొమ్మిదికి అమ్మ ఫోను చేస్తే, శీతాకాలంలో అక్కడ సాయంత్రం నాలుగున్నర. బిడ్డ గ్రంథాలయంలో ఉండవచ్చు. ఎత్తకపోతే కంగారు పడక, వారంలో ఒక వేళ నిర్ణయించుకొనుట మంచిది. నిజమైన ఆపదకు అక్కడ 112 సంఖ్య ఉన్నది. బెర్లిన్‌లో భారత రాయబార కార్యాలయం, ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, హాంబర్గ్‌లలో కాన్సులేట్లు ఉన్నాయి.

ఆ వారపు ఫోనులో "తిన్నావా?" అన్న ప్రశ్నతో పాటు మరి మూడు అడగవలెను: ఈ నెల ఎంత మిగిలింది? ఏ పరీక్ష ఎన్నవసారి వ్రాస్తున్నావు? తెరవని ఉత్తరం ఏదైనా ఉన్నదా? జవాబు ఏదైనా కోపపడబోమని బిడ్డకు ముందే చెప్పి ఉంచిన ఇంట్లో, కష్టం చిన్నదిగా ఉన్నప్పుడే తెలుస్తుంది.