వంటగదికి ఏ నేల మేలు?

ఇంటి నేల అనగానే మన పెద్దలకు నాపరాళ్ళు గుర్తుకు వస్తాయి. తెలంగాణలోని తాండూరు, ఆంధ్రప్రదేశ్‌లోని బేతంచెర్ల ఈ రాళ్ళకు పేరు పొందిన ఊళ్ళు. వేసవిలో ఆ బండలపై పాదం మోపితే హాయిగా ఉంటుంది. అందుకే ఆస్ట్రేలియాకు వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు, "వంటగది నేల పాతబడింది కదా, బండలు పరిపించరాదా?" అని అడుగుతుంటారు. విద్యార్థులారా! ఆ ప్రశ్నకు సమాధానం వెదుకుదాం.

నేలను ఎన్నుకొనే ముందు దాని కింద ఏమున్నదో తెలుసుకోవాలి. మన ఊళ్ళలో పునాది గోడల నడుమ మట్టి నింపి, దిమ్మిసతో గట్టిపరచి, దానిపై బండలు పరుస్తారు. బరువంతా భూమియే మోస్తుంది. ఆస్ట్రేలియాలోని పాత ఇండ్లు చాలావరకు అట్లా కట్టినవి కావు. పొట్టి స్తంభాలపై కొయ్య దూలాలు అమర్చి, వాటిపై చెక్కలు బిగించారు. కింద గాలి ఆడే ఖాళీ స్థలం ఉంటుంది.

ఇప్పుడొక లెక్క వేద్దాం. 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల వంటగది వైశాల్యం 9 చదరపు మీటర్లు. 25 మిల్లీమీటర్ల మందం గల నాపరాయి చదరపు మీటరుకు సుమారు 65 కిలోలు తూగుతుంది. మొత్తం 585 కిలోలు! దూలాలు అంత బరువు మోయగలవో లేవో ఇంజనీరు చూసి చెప్పాలి. పైగా మనం నడిచినప్పుడు కొయ్య నేల కొద్దిగా వంగుతుంది. రాయి వంగలేక పగులుతుంది. మెల్బోర్న్ చలికాలంలో రాతి చల్లదనం హాయి కాదు, బాధ.

మరి వేరే దారులు ఏవి? పింగాణీ పలకలు నీటికి చెడవు. కానీ వాటి సందులలో పసుపు మరక పడితే వదలదు. నున్నని పలకపై నూనె చిందితే కాలు జారుతుంది. పెద్దవారు ఉన్న ఇంట గరుకు పలకలే క్షేమం. కొయ్య నేల పాదాలకు వెచ్చగా ఉంటుంది. నీరు నిలిస్తే ఉబ్బుతుంది. వినైల్ పరుపు చవక, తేలిక. వేడి మూకుడు తగిలితే కమిలిపోతుంది.

లినోలియం మరొకటి. 1863లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ దీనికి పేటెంటు పొందాడు. లాటిన్ భాషలో 'లైనమ్' అనగా అవిసె, 'ఓలియమ్' అనగా నూనె. అవిసె నూనెను చిక్కబరచి, బెండు పొడి కలిపి, జనపనార గుడ్డపై పరచి దీనిని తయారు చేస్తారు. చదరపు మీటరుకు సుమారు 3 కిలోలే బరువు. కనుక తేలికైన కొయ్య నేలకు ఇది తగినది. అయితే నీరు ఒలికితే వెంటనే తుడవాలి.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటి ఉన్నది. పాత నేలను మనంతట మనమే పెరికివేయరాదు. 1990కి ముందు కట్టిన ఇండ్లలో పాత వినైల్ పరుపు అడుగున రాతినార, అనగా ఆస్బెస్టాస్, ఉండవచ్చు. కదపకుండా ఉంచితే దానివలన అపాయం తక్కువ. చింపినా, గీకినా, అరగదీసినా కంటికి కనబడని నారపోగులు గాలిలో కలిసి ఊపిరితిత్తులలో చేరుతాయి. ఎన్నో ఏండ్ల తరువాత ప్రాణాంతకమైన వ్యాధులు కలిగిస్తాయి. అందుకే 2003 డిసెంబరు 31 నుండి ఆస్ట్రేలియా దీని వాడకాన్ని పూర్తిగా నిషేధించింది. చూపుతో దీనిని గుర్తించలేము. నిపుణుని పిలిచి, నమూనాను ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. ఉన్నట్లు తేలితే లైసెన్సు గలవారి చేతనే తీయించాలి, లేదా వారి సలహాతో దానిపైనే కొత్త నేల పరిపించాలి.

కాబట్టి అందమైన రంగు చూసి మురిసిపోక ముందే మూడు ప్రశ్నలు వేసుకోవాలి: పాత నేలలో ఏమున్నది? కింది నేల ఎంత బరువు మోయగలదు? దానిపై ఎవరు నడుస్తారు?

చేసి చూడండి: మీ వంటగది పొడవు వెడల్పులు కొలిచి వైశాల్యం కట్టండి. ఇల్లు ఏ సంవత్సరంలో కట్టినదో పెద్దలను అడిగి వ్రాయండి.