ప్రజాధనమునకు ప్రజలే కావలి

చెఱువు తూమెత్తినంత మాత్రమున కట్టకడపటి మడి తడియునని చెప్పలేము. తూమువద్ద ఎంత నీరు విడిచిరో, దారిలో ఎవరెవరు గండ్లు కొట్టిరో తెలియక, చివరి రైతు తన యదృష్టమును నిందించుకొనుచు కూర్చుండును. ప్రభుత్వపు ఖజానానుండి గ్రామమునకు బయలుదేరిన ధనము సంగతియు నిట్టిదే. ఈ విషయమున ఆఫ్రికాఖండమందలి యుగాండాదేశపు టనుభవము పెద్దలందఱును తెలిసికొనదగినది.

యుగాండా తూర్పు ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు నొడ్డున నున్న దేశము, 1962లో స్వతంత్రమైనది. అచ్చటి ప్రభుత్వము ప్రాథమిక పాఠశాలలకు, ఉపాధ్యాయుల జీతములు గాక, పిల్లల తలకింత యని గ్రాంటు నిచ్చుచుండెను. కాగితములపై ధనము పోవుచునే యుండెను గాని, బడుల స్థితి బాగుపడలేదు. కారణము కనుగొనుటకై 1996లో 250 పాఠశాలల లెక్కలను పరిశీలించిరి. 1991 మొదలు 1995 వఱకు విడుదలయైన గ్రాంటులో సగటున నూటికి 13 వంతులు మాత్రమే బడులకు చేరినట్లు తేలినది. పెక్కు బడులకు దమ్మిడీయైనను ముట్టలేదు. తక్కిన సొమ్ము చాలవఱకు జిల్లా కచేరీలు దాటి రాలేదు. బడి ఖర్చులో నధికభాగమును బీదలైన తలిదండ్రులే భరించుచుండిరి. ప్రభుత్వము తమ బిడ్డలకై సొమ్ము పంపినదన్న సంగతియే వారిలో ననేకు లెఱుగరు. ఎఱుగనివా డేమని యడుగును?

అంతట ప్రభుత్వము ఏ జిల్లాకు ఏ నెలలో నెంత సొమ్ము పంపినదియు వార్తాపత్రికలలో ప్రకటింప నారంభించెను. పిదప ప్రతి పాఠశాలయు తనకు వచ్చిన మొత్తమును అందఱు చూచునట్లు గోడపై నంటింపవలెనని నిర్ణయించెను. 2001 నాటికి నూటికి 80 వంతుల వఱకు గ్రాంటు బడులకు చేరసాగెను. పత్రిక లమ్ము చోటికి దగ్గఱగా నున్న బడులకు దూరపు బడులకంటె నెక్కువ మేలు కలిగినట్లు పరిశోధకులు కనుగొనిరి. అయితే ఇదంతయు పత్రికల చలవయే యనుట న్యాయము కాదు. 1997లో ఉచిత ప్రాథమికవిద్య ప్రారంభమగుటచే దేశము దృష్టి బడులపై నిలిచినది; ఖజానా వ్యవహారములలో నితర సంస్కరణములును అప్పుడే జరిగినవి.

ఆ దేశముననే 2004లో తొమ్మిది జిల్లాలలోని 50 గ్రామ వైద్యశాలలను గైకొని మఱియొక ప్రయత్నము చేసిరి. అందు సగము చోట్ల గ్రామస్థులను సమావేశపఱచి, తమ వైద్యశాల పని ఎట్లున్నదో వారికి వివరించిరి. సిబ్బందితో వేఱుగా మాటలాడిరి. అటుపిమ్మట నుభయులను ఒక్కచోట కూర్చుండబెట్టి, చేయవలసిన పనులను గూర్చి యొక యొడంబడికకు వచ్చునట్లు చేసిరి. కొన్నిచోట్ల ఫిర్యాదుల పెట్టెలు వెలసెను. రోగులకు వరుససంఖ్య చీటీలిచ్చిరి. ఎవరే దినమున పనిలో నుందురో తెలుపు పట్టికలు గోడ కెక్కెను. ఒక్క యేడు గడచునప్పటికి, సమావేశములు జరుగని గ్రామములతో పోల్చిచూడగా, ఐదేండ్లలోపు బిడ్డల మరణములు మూడవవంతు తక్కువగా నుండెను.

ఈ వార్త విని యనేకులు సంతోషించిరి. కాని తరువాతి దశాబ్దమున 376 ఆరోగ్యకేంద్రములలో నిట్టి పద్ధతినే పరీక్షింపగా, చికిత్స కొంత మెఱుగుపడినదే గాని శిశుమరణములు తగ్గినట్లు కనబడలేదు. మందులు లేని చోట, సిబ్బంది చాలని చోట, గ్రామస్థు లెంత యడిగినను ఫలము కొంతయే. లెక్క యడుగువారు క్రింద నున్నట్లే, ఆ మాట విని తప్పు దిద్దువారు పైనను ఉండవలెను.

ఈ విద్య మన దేశమునకును క్రొత్త కాదు. 1994లో రాజస్థానపు పల్లెలలో కూలీలు పనుల లెక్కలను బహిరంగసభలో చదివించి, నిజానిజములు తేల్చిరి. 2007లో కెన్యాదేశపు రేవుపట్టణమైన మొంబాసాలో ప్రజలు తమ నియోజకవర్గ నిధితో జరిగిన పనులను రికార్డులతో సరిచూచినప్పుడు, ఆ రాజస్థాన ప్రజాసంస్థ యనుభవము వారికి దారి చూపినది. మన ఆంధ్రప్రదేశమున 2006లో నారంభమైన ఉపాధిహామీ సామాజిక తనిఖీయు నా కోవలోనిదే. కూలీల కుటుంబముల యువకులే మస్టరు పట్టీలు చేతబట్టి యింటింటికి పోయి, వ్రాసిన కూలియు ముట్టిన కూలియు నొకటియే యని విచారించిరి.

కావున గ్రామపెద్దలు చేయదగినది మూడు పనులు. వచ్చిన సొమ్మెంతయో తెలుగులో గోడపై వ్రాయించుట. దానిని చదువురాని వారికి సభలో చదివి వినిపించుట. సమాధానము చెప్పవలసిన యుద్యోగిని ఆ సభకు పిలిపించుట. ఇందు కోపతాపములతో పనిలేదు. మన యింటి లెక్కను మనమెంత నెమ్మదిగా చూచుకొందుమో, ఊరి లెక్కను నంత నెమ్మదిగా, ఏటేట విడువక చూచిన చాలును.