బడిపిల్లలకు అంతర్జాలంలో మంచి పాఠాలు: వెదకే విధానం

పుస్తకం కోసం మనిషి ఊరు దాటి పోవలసిన కాలం ఒకటి ఉండేది. నిజాం పాలనలో మన నల్లగొండ జిల్లాలో బడి ఉన్న పల్లెలు కొద్ది; చదువదగిన తెలుగు పుస్తకం దొరికే పల్లెలు అంతకంటె కొద్ది. అట్టి రోజులలో మన పొరుగున ఉన్న నకిరేకల్ ప్రాంతంలో జన్మించిన వట్టికోట ఆళ్వారుస్వామి (1915-1961) ఉపాధ్యాయుని ఇంట వంటపని చేసుకొంటూ చదువు నేర్చుకొన్నారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, అచ్చువేయించిన పుస్తకాలను తామే మోసుకొని పోయి పాఠకుల చేతికి అందించినారు. ఆయన చేసిన సేవలో రెండు పనులు ఇమిడి ఉన్నవి. మంచి పుస్తకం ఏదో ఎంచుట మొదటిది. ఎంచిన దానిని చదువరి ఇంటికి చేర్చుట రెండవది.

నేడు ఈ రెండవ పనిని సెల్‌ఫోను చేస్తున్నది. హైదరాబాదు-విజయవాడ రహదారి మీద ఉన్న కట్టంగూరులోనే గాక, రహదారికి దూరంగా ఉన్న ఊళ్లలోను, తండాలలోను పిల్లల చేతికి ఫోను వచ్చినది. మొదటి పని మాత్రం ఎవ్వరూ చేయక మిగిలిపోయినది. అంతర్జాలంలో పాఠానికి కొదువ లేదు. ఆ రాశిలో ఏది తన తరగతిదో, ఏది తన భాషదో, ఏది నిజమో పిల్లవానికి తెలియదు. బడికి పోని తలిదండ్రులకు అసలే తెలియదు. వారు ఫోను కొనిపెట్టి, "చదువుకో బిడ్డా" అని పొలానికి పోతారు. ఆ తరువాత జరిగేది మనందరికి తెలిసినదే. పాఠం కోసం తెరిచిన ఫోను పది నిమిషాలలో ఆటలోనో పాటలోనో తేలుతుంది. కొందరు తలిదండ్రులు ప్రకటనలు చూచి, ఉచితంగా దొరికే పాఠాలకే అప్పు చేసి డబ్బు కడుతున్నారు. కావున ఎంపిక చేసే విధానాన్ని వివరించుట ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక అనుభవాన్ని జ్ఞాపకం చేసుకొనవలెను. కరోనా వ్యాధి వలన బడులు మూతపడిన 2020లో, సెప్టెంబరు 1వ తేదీ నుండి మన రాష్ట్ర ప్రభుత్వం మూడవ తరగతి మొదలుకొని పై తరగతుల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు ప్రసారం చేయించినది. ఏ తరగతికి ఏ పాఠం ఏ వేళకు వచ్చునో ముందే ప్రకటించినారు. ఆ ఏర్పాటులో లోపాలు లేకపోలేదు. తండ్రి పనికి పోతూ ఫోను వెంట తీసుకొనిపోతే ఆ ఇంటి పిల్లలకు ఆ రోజు ఫోను పాఠం లేనట్లే. టీవీలో వచ్చే ఉపాధ్యాయుని సందేహం అడిగే వీలు లేదు. అయినను ఒక మేలు జరిగినది. ఏది చూడవలెనో ఎవరో ఒకరు ముందుగా నిర్ణయించి చెప్పినారు. బడులు మరల తెరుచుకొన్న తరువాత ఫోను పిల్లల చేతిలో నిలిచిపోయినది గాని, ఆ నిర్ణయించి చెప్పే వ్యవస్థ ఇంటిలో నిలువలేదు.

ఇక వెదకే విధానానికి వద్దాము. వెదకుట ఎక్కడ ప్రారంభించవలెను? పాఠ్యపుస్తకంలోనే ప్రారంభించవలెనని మా అభిప్రాయం. ఇటీవలి పాఠ్యపుస్తకాలలో పాఠం పక్కన నలుపు తెలుపు గడులతో కూడిన చిన్న చతురస్రం అచ్చయి ఉంటుంది. దానినే క్యూఆర్ కోడ్ అంటారు. కేంద్ర ప్రభుత్వం 2017 సెప్టెంబరు 5న ప్రారంభించిన 'దీక్ష' అనే యాప్‌తో ఆ చతురస్రాన్ని ఫోటో తీసినట్లు చూపితే, ఆ పాఠానికే సంబంధించిన దృశ్యపాఠాలు, అభ్యాసాలు తెర మీదికి వస్తవి. కెమెరా సరిగా పనిచేయని ఫోను అయితే, చతురస్రం వద్ద అచ్చయిన ఆరు అక్షరాల సంకేతాన్ని టైపు చేసినా చాలును. యాప్ మొదట తెరిచినపుడు బోర్డు, మాధ్యమం, తరగతి అడుగుతుంది. ఇక్కడ తొందరపడి ఏదో ఒకటి నొక్కితే వేరే రాష్ట్రం పాఠాలు వచ్చి పిల్లవాడు తికమకపడతాడు. పాఠాన్ని ఒకసారి ఫోనులోకి దించుకొంటే తరువాత సిగ్నలు లేకపోయినా చూడవచ్చును. డేటా పరిమితంగా ఉండే ఇండ్లకు ఇది గొప్ప వసతి.

పాఠ్యపుస్తకం చినిగిపోయినా, పోయినా విచారించనక్కర లేదు. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి వారి 'ఈ-పాఠశాల' 2015లో మొదలైనది. అందులో ఆ మండలి పుస్తకాలు ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ భాషలలో ఉచితంగా లభిస్తవి. ఉపాధ్యాయుడు చెప్పే పాఠాన్నే మరల వినదలచిన వారికి టీ-శాట్ విద్య, నిపుణ ఛానళ్ల పాఠాలు యూట్యూబులో కూడ ఉన్నవి. పై తరగతుల వారికి, ఉపాధ్యాయులకు ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్వహించే జాతీయ డిజిటల్ గ్రంథాలయం ఉపయోగపడుతుంది. దానిని 2018 జూన్ 19న జాతికి అంకితం చేసినారు. చిన్నపిల్లలకు బొమ్మల కథలు కావలెనంటే ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో స్థాపించిన 'స్టోరీవీవర్' ఉన్నది. అందులో తెలుగు కథలు, ఉర్దూ కథలు రెండూ ఉన్నవి. చదివే స్థాయిని బట్టి విభజించి ఉన్నవి. వానిని దించుకొని అచ్చు తీసి పంచినా అభ్యంతరం లేదు. విజ్ఞానశాస్త్రంలో ప్రయోగశాల లేని బడి పిల్లలకు 'ఫెట్' అనే వెబ్‌సైటు చూపదగినది. నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రజ్ఞుడు కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో దీనిని ప్రారంభించినారు. విద్యుత్ వలయాన్ని కలుపుట, లోలకాన్ని ఊపుట వంటి ప్రయోగాలను తెర మీద పిల్లలు తమ చేతితో చేసి చూడవచ్చును. కొన్నింటికి తెలుగు అనువాదాలు కూడ వచ్చినవి.

ఇవన్నియు తలుపు తెలిసిన ఇండ్లు. తలుపు తెలియని చోట వెదకవలసి వచ్చినపుడు మాట ముఖ్యం. "మొక్కలు అన్నం ఎట్ల వండుకొంటవి" అని అడిగితే వచ్చే సమాధానాలు ఒక రకం. పాఠ్యపుస్తకంలోని 'కిరణజన్య సంయోగక్రియ' అనే మాటతో వెదికితే వచ్చేవి మరొక రకం. శాస్త్ర పరిభాష తాళపుచెవి వంటిది. టైపు చేయుట రాకపోతే నోటితో చెప్పవచ్చును. గూగుల్ 2017లో తెలుగు, ఉర్దూ భాషలు రెండింటికి ఈ వసతి కల్పించినది. తన భాషలో పాఠం దొరకనపుడు చేయదగిన ఉపాయం ఒకటి కలదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులోను, ఉర్దూ వికీపీడియా 2004 జనవరిలోను ప్రారంభమైనవి. తెలుగు వికీపీడియాలో కిరణజన్య సంయోగక్రియ వ్యాసం తెరిచి, ఇతర భాషల జాబితాలో ఉర్దూను నొక్కితే 'జియాయీ తాలీఫ్' అనే మాట దొరుకుతుంది. ఇంగ్లీషును నొక్కితే 'ఫోటోసింథసిస్' దొరుకుతుంది. ఒక్క వ్యాసం మూడు భాషల నిఘంటువుగా పనిచేస్తున్నది. ఈ మాటలతో మరల వెదికితే మూడు భాషలలోని పాఠాలు కనిపిస్తవి. ఉర్దూ విభాగం, తెలుగు విభాగం పక్కపక్కన ఉన్న మన వంటి కళాశాలలో ఈ వసతి విలువ వేరుగా చెప్పనక్కర లేదు.

ఉర్దూ మాధ్యమం పిల్లల సంగతి కొంత విడిగా చెప్పవలసి ఉన్నది. తెలుగు పిల్లవానికి దొరికినన్ని దృశ్యపాఠాలు వీరికి దొరకవు. సాహిత్యానికి మాత్రం లోటు లేదు. 2013లో వచ్చిన 'రేఖ్తా'లో ఉర్దూ కవిత్వం, పాత గ్రంథాలు విరివిగా ఉన్నవి. గణితం, విజ్ఞానశాస్త్రం వద్దనే ఇబ్బంది. ఈ-పాఠశాల ఉర్దూ పుస్తకాలు, హైదరాబాదులో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వారి దృశ్యపాఠాలు కొంత ఆసరా. ఉర్దూలో విజ్ఞానశాస్త్రం చెప్పుట మనకు క్రొత్త కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంగా వెలిసినపుడు, అందుకు ముందే 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చినారు. పాఠానికి ముందు భాషను సిద్ధం చేసుకొన్నారు. ఆ జాగ్రత్త నేటి అంతర్జాలానికి కూడ అవసరం.

దొరికినది నిజమా కాదా అని తేల్చుకొనుట తరువాతి మెట్టు. మన జిల్లాకు సంబంధించిన ఉదాహరణ ఒకటి తీసుకొందాము. తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె తాగునీటిలో ఫ్లోరైడు గురించి ప్రాజెక్టు వ్రాయవలెననుకొన్నదనుకొందాము. ఒక చోట లీటరుకు 1 మిల్లీగ్రాము దాటరాదని ఉంటుంది. మరొక చోట 1.5 మిల్లీగ్రాములని ఉంటుంది. ఏది సరి? మొదట కనిపించినది వ్రాసి ఊరుకొంటే ఆ పిల్ల నేర్చుకొనేది ఏమీ ఉండదు. ఎవరు చెప్పినారని విచారిస్తే చిక్కు విడిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు 1.5. భారత ప్రమాణాల సంస్థ 2012 ప్రమాణం ప్రకారం అంగీకరింపదగినది 1. వేరే నీటి ఆధారం లేనపుడు 1.5 వరకు అనుమతింపవచ్చును. రెండు అంకెలూ నిజమే. చెప్పినవారు, సందర్భం వేరు. అట్లే 'నల్లగొండ విధానం' అని వెదికితే, నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ వారు 1970 దశకంలో రూపొందించిన పద్ధతి కనిపిస్తుంది. నీటిలో సున్నం, పటిక కలిపి కలియబెట్టి, మడ్డి అడుగున పేరుకొన్న తరువాత వడగట్టుట అందులోని సారం. మన పేరు మోసిన ఈ పద్ధతిని దూరదేశాల వారు చదువుకొంటున్నారు. మన పిల్లలకు తెలియకపోతే అది మన లోపం.

ఈ ఉదాహరణ నుండి నాలుగు ప్రశ్నలు గ్రహించవచ్చును. ఇది వ్రాసినవారు ఎవరు? ఎప్పుడు వ్రాసినారు? వేరొక చోట ఇదే మాట ఉన్నదా? దీని వలన వారు ఏమైనా అమ్మదలచినారా? వెబ్‌సైటు చిరునామా చివర గవ్ డాట్ ఇన్ అని ఉంటే ప్రభుత్వానిది, ఏసీ డాట్ ఇన్ అని ఉంటే విద్యాసంస్థది. వెదికినపుడు అన్నింటికంటె పైన వచ్చేది అన్నింటికంటె మంచిది కానక్కర లేదు. డబ్బు కట్టినవారి ప్రకటన కావచ్చును. వికీపీడియా వ్యాసాన్ని ఎవరైనను దిద్దవచ్చును గనుక, అడుగున ఇచ్చిన ఆధారాలను కూడ చూడవలెను. ఇటీవల ప్రశ్న అడిగిన వెంటనే సమాధానం వ్రాసి ఇచ్చే కృత్రిమ మేధ యంత్రాలు వచ్చినవి. అవి తప్పును కూడ ఒప్పు వలెనే ధీమాగా చెప్పగలవు. వాని సమాధానాన్ని పాఠ్యపుస్తకంతో సరిచూడక నోటుపుస్తకంలో ఎక్కించరాదు.

భద్రత గురించి రెండు మాటలు. పిల్లలు ఫోనును మూల గదిలో గాక నలుగురు తిరిగే చోట చూడవలెను. పాఠం పేరుతో ఆధార్ నంబరు గాని, బ్యాంకు వివరాలు గాని, ఫోనుకు వచ్చిన ఓటీపీ గాని అడిగిన చోట ఆగిపోవలెను. ఒక పాఠం ముగియగానే తనంతట తానే మరొక దృశ్యం మొదలయ్యే ఏర్పాటును యూట్యూబులో ఆపివేయవచ్చును. ఈ చిన్న పని వలన చాల కాలం కలిసివస్తుంది.

ఇవన్నియు బడికి పోని తల్లి ఒక్కతె చేయగలిగినవి కావు. చేయగలిగినవారము మనము. మన ఇండ్లలో తమ్ముళ్లు, చెల్లెళ్లు బడికి పోతున్నారు. మన రాష్ట్రంలో 2022-23 విద్యాసంవత్సరం నుండి ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మాధ్యమం వచ్చినది. ఒక పుట ఇంగ్లీషులో, ఎదుటి పుట తెలుగులో ఉన్న పుస్తకాలు వచ్చినవి. రెండు భాషల మధ్య నిలిచిన ఆ పిల్లలకు పక్కన కూర్చుండి చూపే అన్న, అక్క కావలెను.

కావున కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం, తోటి విద్యార్థులకు ఒక సూచన చేస్తున్నాము. మన గ్రంథాలయంలో ఒక రిజిస్టరు పెట్టవలెను. ఏ తరగతి, ఏ విషయం, ఏ భాష, పాఠం పేరు, దొరికే చోటు, ఎన్ని నిమిషాలు, స్వయంగా చూచినవారు ఎవరు, ఏ తేదీన చూచినారు అనే గడులు అందులో ఉండవలెను. చూడకుండ ఏ పాఠాన్నీ ఎక్కించరాదు. చిరునామాలు మారుతుంటవి గనుక ప్రతి సంవత్సరం జూన్ మాసంలో మరల సరిచూడవలెను. తెలుగు, ఉర్దూ విభాగాల వారు కలిసి ఈ పని చేస్తే, ఒక భాషలో దొరకని పాఠం మరొక భాషలో ఎక్కడ ఉన్నదో తెలియుటయే గాక, దానిని తర్జుమా చేసే చేతులు కూడ మనలోనే ఉన్నవని తెలియును. గ్రంథాలయంలోని ఇంటర్నెట్‌తో శనివారం నాడు పాఠాలు దించుకొని, ఆదివారం ఎవరి ఊరిలో వారు పదిమంది పిల్లలను ఒక చోట కూర్చుండబెట్టి చూపవచ్చును. దీనికి ఖర్చు స్వల్పం. కావలసినది వారానికి రెండు గంటల ఓపిక.

ఆళ్వారుస్వామి మోసిన పుస్తకాల మూట బరువైనది. నేడు ఆ మూట మన చొక్కా జేబులో ఇముడుతున్నది. బరువు తగ్గినది గాని, అందులో ఏమి పెట్టవలెనని ఆలోచించే బాధ్యత తగ్గలేదు. ఆ బాధ్యతను మనము స్వీకరిస్తే, వచ్చే సంవత్సరం ఈ సంచికలో ఆ రిజిస్టరులోని తొలి జాబితాను ప్రకటించగలమని ఆశిస్తున్నాము.