అణుచిత్రములయందు వెలుగునీడలు

శాస్త్రగ్రంథములలోని ప్రోటీనుల చిత్రములను మన విద్యార్థులు చూచియే యుందురు. ఒక ప్రక్క నిగనిగలాడుచు, వేఱొక ప్రక్క నీడ క్రమ్మి, చేతి కందు వస్తువువలె నవి కానవచ్చును. ఆ వెలుతు రెక్కడిది? ఆ నీడ యెట్లు పడినది? దీనిని వివరించుటయే మా యుద్దేశము.

అణువునకు నిజముగా నిట్టి వెలుగునీడలు లేవు. మన కంటికి గోచరించు కాంతియొక్క తరంగదైర్ఘ్యము సుమారు 400 మొదలు 700 నానోమీటర్ల వఱకు నుండును. కర్బన పరమాణువుయొక్క వ్యాసము సుమారు 0.34 నానోమీటరు మాత్రమే. అంత పెద్ద తరంగము అంత చిన్న వస్తువుయొక్క రూపమును చూపజాలదు. కావున శాస్త్రజ్ఞులు ఎక్స్‌కిరణములు మొదలగు సాధనములచే పరమాణువుల స్థానములను కనుగొందురు. ఆ స్థానములు వట్టి యంకెలు. కంప్యూటరు ఆ యంకెలనుబట్టి బొమ్మను గీయును; దీపమును మాత్రము మనమే పెట్టవలెను.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌ఫ్రాన్సిస్కో శాఖవారు నిర్మించిన కైమెరాఎక్స్ అను సాఫ్ట్‌వేరును ఉదాహరణముగా గైకొందము. విద్యార్థులు దీనిని ఉచితముగా వాడుకొనవచ్చును. ఇందు వెలుతురు మూడు విధములు. చూపరి వెనుక, ఎడమవైపు పైనుండి పడునది ముఖ్యదీపము. దాని నీడలను కొంత తేర్చునది పూరకదీపము. అన్ని దిక్కులను సమముగా వ్యాపించునది పరిసరకాంతి. దీపమున కభిముఖమైన తలము మిక్కిలి వెలుగుననియు, ఓరగానున్నది తక్కువగా వెలుగుననియు లాంబర్టు 1760లో చెప్పిన సూత్రమే యీ లెక్కకు మూలము. నున్నని వస్తువులపై గానవచ్చు తెల్లని తళుకును లెక్కించు సులభమార్గమును బుయి తువోంగ్ ఫోంగ్ అను శాస్త్రజ్ఞుడు 1975లో ప్రకటించెను.

కండరములలో ప్రాణవాయువును నిలువచేయు మయోగ్లోబిను అను ప్రోటీనును చూతము. దీని రూపమును కెండ్రూ పండితుడును ఆయన సహచరులును 1958లో మొదట వెల్లడించిరి. ఇనుము గల హీము అను భాగము దీనిలో నొక గుంటలో నొదిగి యుండును. 'లైటింగ్ సింపుల్' అను నాజ్ఞ నిచ్చినచో దీపములు వెలుగును గాని నీడలు పడవు. గుంటయొక్క లోతు చక్కగా తెలియదు. 'లైటింగ్ సాఫ్ట్' అన్నచో 64 దిక్కులనుండి నీడలు లెక్కింపబడును. మబ్బు క్రమ్మిన పగటివేళ ముంగిట నిలిచినవాని నీడ స్పష్టముగా కానరాదు గాని, నూతిలోపల చీకటిగనే యుండును గదా! అట్లే గుంట నల్లనై తన లోతును తానే తెలుపును. 'లైటింగ్ ఫుల్' అన్నచో వీనికి దోడు ముఖ్యదీపపు నీడయు పడును. అయితే నీడలు హెచ్చిన కొలది కంప్యూటరునకు శ్రమయు హెచ్చును. కావున అణువును త్రిప్పి పరీక్షించునపుడు సాదా వెలుతురును, తుదిచిత్రమునకు మెత్తని వెలుతురును వాడుట మేలు.

ఇచ్చట నొక ప్రమాదము కలదు. తలముపై ఋణవిద్యుత్తును ఎఱుపుతోను, ధనవిద్యుత్తును నీలముతోను, రెండును లేని తావును తెలుపుతోను సూచించు వాడుక యున్నది. నీలపు తావున తెల్లని తళుకు పడినచో చూపరి దానిని విద్యుత్తు లేని తావని భ్రమించును. ఎఱ్ఱని గుంటలో దట్టపు నీడ పడినచో రంగే తెలియకపోవును. ఔషధముల నన్వేషించువారు అట్టి గుంటలయందే మందు అతుకు చోటును వెదకుదురు. చిత్రము తప్పుదారి పట్టించినచో వారి యాలోచనయు తప్పుదారి పట్టును. అట్టి సమయమున 'మెటీరియల్ డల్' అను నాజ్ఞచే తళుకును మాన్పి, 'లైటింగ్ ఫ్లాట్' అను నాజ్ఞచే నీడలులేని సమకాంతిని నిలుపవలెను.

ఈ విషయమున సూత్ర మిది: రూపము చెప్పవలసినచోట నీడను పెంచవలెను, రంగు చెప్పవలసినచోట నీడను తగ్గింపవలెను. రెండును చెప్పవలసియున్నచో రెండు చిత్రములు గీయుట యుత్తమము. ఇకమీదట నేదేని యణుచిత్రము కంటబడినపుడు, అందు అణువుయొక్క స్వభావ మెంత, చిత్రకారుడు పెట్టిన దీప మెంత యని విచారించి చూడుడని మన బాలబాలికలను కోరుచున్నాము.