కమాన్ కట్ట కొత్తదైతే చాలదు, బిగింపు సరిగా ఉండాలి

కూరగాయలో ఇటుకలో మోసే చిన్న ట్రక్కు ఒక పక్కకు ఒరిగిందంటే యజమాని ముందుగా వంగి చూసేది కమాన్ కట్టనే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట దీన్ని మార్చడం రోజువారీ పని. ఊళ్లలో మాత్రం బండి ఒక్కరోజు ఆగినా కిరాయి పోతుంది. అందుకే కొందరు కొత్త కట్ట, బుష్‌లు కొనుక్కొచ్చి ఇంటి ముందే మార్చుకుంటారు. నట్లు విప్పి, పాతది దించి, కొత్తది ఎక్కించడం చూడటానికి తేలికగానే ఉంటుంది. అయితే ఆ కట్ట ఎంతకాలం మన్నుతుందో, బండి అదుపులో ఉంటుందో లేదో తేల్చేది బిగింపే.

ఇన్ని పట్టీలు ఎందుకు?

కమాన్ కట్ట అంటే స్ప్రింగ్ స్టీలు పట్టీల దొంతర. దాని బదులు ఒకే మందపాటి పట్టీ పెట్టకూడదా? ఒక పట్టీ ఎంత గట్టిగా వంగుతుందన్నది దాని మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. మందం రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లు అవుతుంది. అదే మందం గల రెండు పట్టీలను విడివిడిగా పేరిస్తే రెండు రెట్లే పెరుగుతుంది. పైగా ఒకే వంపుకు మందపాటి పట్టీ పైపొర ఎక్కువగా సాగుతుంది, త్వరగా పగులుతుంది. సన్నని పట్టీలు ఒకదానిపై ఒకటి జారుతూ వంగుతాయి. ఆ రాపిడి కుదుపును కొంత మింగేస్తుంది కూడా.

ఎక్కువ సరుకు వేయడానికి ఒక పట్టీ అదనంగా చేర్పించడం చాలాచోట్ల కనిపిస్తుంది. దానివల్ల కట్ట గట్టిపడుతుందే తప్ప ఇరుసు, టైర్లు, బ్రేకుల సామర్థ్యం పెరగదు.

జాకీ లేపడానికే, మోయడానికి కాదు

పని మొదలయ్యేది బండిని లేపడంతో. హైడ్రాలిక్ జాకీలో బరువంతా నూనె మీద, ఆ నూనెను ఆపే చిన్న సీలు మీద ఉంటుంది. సీలు వదిలితే బండి దిగిపోతుంది. కాబట్టి చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, ఛాసిస్‌ను ఉక్కు స్టాండ్ల మీద నిలిపాకే కిందికి వెళ్లాలి. స్టాండ్ల బదులు ఇటుకలు పేర్చడం ప్రమాదం. అవి వంగి హెచ్చరించవు, ఒక్కసారిగా పగులుతాయి. నేల మట్టిదైతే మరో చిక్కు. ఒక టన్ను బరువు 100 చదరపు సెంటీమీటర్ల పాదాల మీద పడితే ప్రతి చదరపు సెంటీమీటరుకూ 10 కిలోల ఒత్తిడి. కింద 30 సెం.మీ. చదరపు మందపాటి చెక్క వేస్తే అది కిలో చిల్లరకు తగ్గుతుంది.

వంగి ఉన్న కట్టలో శక్తి దాగి ఉంటుంది. అర టన్ను బరువుకు 10 సెం.మీ. వంగిన కట్టలో దాదాపు 250 జౌళ్లు ఉంటాయి. పది కిలోల బరువు రెండున్నర మీటర్ల ఎత్తు నుంచి పడితే వచ్చేంత శక్తి ఇది. అందుకే ఇరుసుకు కింద మరో జాకీ ఆనించి, కట్ట మీద భారం పూర్తిగా తగ్గాకే నట్లు విప్పాలి.

ఇరుసును పట్టి ఉంచేది రాపిడి

కట్ట మధ్యలో ఉండే సెంటర్ బోల్టే ఇరుసును పట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. దాని ప్రధాన పని పట్టీలను, ఇరుసును సరైన చోట కూర్చోబెట్టడం. బ్రేకు వేసినప్పుడు ఇరుసు జరగకుండా ఆపేది యూ-బోల్టులు కల్పించే నొక్కుడు, దానివల్ల పుట్టే రాపిడి. యూ-బోల్టులు వదులైతే ఆ భారం సన్నని సెంటర్ బోల్టు మీద పడుతుంది. అది తెగితే ఇరుసు పక్కకు జరిగి, బండి డ్రైవరు తిప్పని వైపు లాగుతుంది. పట్టీలు సరిగ్గా మధ్య రంధ్రం దగ్గరే విరిగాయంటే ముందుగా అనుమానించాల్సింది వదులైన యూ-బోల్టులనే.

యూ-బోల్టును బిగించినప్పుడు అది కొద్దిగా సాగుతుంది. ఆ సాగుడే నొక్కుడుగా మారుతుంది. ఒకసారి పూర్తిగా సాగి, మరలు అరిగిన పాత బోల్టు మళ్లీ అదే నొక్కుడు ఇస్తుందని నమ్మలేం. కట్టతోపాటు కొత్తవి వేయడం అందుకే. ఇంకో సంగతి: నట్టు తిప్పేటప్పుడు మనం పెట్టే బలంలో సుమారు పదో వంతే బోల్టును సాగదీస్తుంది, మిగతాది మరల్లోనూ నట్టు కిందా రాపిడికి పోతుంది. మరల్లో తుప్పు, ఇసుక ఉంటే ఆ పదో వంతూ తగ్గిపోతుంది. చేతికి గట్టిగా తగిలినంత మాత్రాన బిగిసినట్టు కాదు. మరలు శుభ్రం చేసి, టార్క్ రెంచితో, తయారీదారు మాన్యువల్‌లోని అంకె మేరకు, నాలుగు నట్లనూ ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి.

బుష్‌ల విషయంలో క్రమం తిరగబడుతుంది. రబ్బరు బుష్‌లున్న బండిలో కట్ట చివరి బోల్టులను చక్రాలు నేలకు ఆనాకే పూర్తిగా బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి దిగిన క్షణం నుంచే రబ్బరు మెలితిరిగి ఉండి త్వరగా చిరుగుతుంది.

పని అక్కడితో అయిపోదు. కొత్త పట్టీల మీది రంగు నలిగి, దొంతర సర్దుకుని, ఎత్తు వెంట్రుకవాసి తగ్గుతుంది. ఉక్కు బోల్టు సాగేది కూడా అంత కొద్దిగానే కాబట్టి నొక్కుడు గణనీయంగా పడిపోతుంది. సరుకుతో కొంతదూరం తిరిగాక, మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లకు, యూ-బోల్టులను మళ్లీ బిగించాలి. ఖర్చు లేని ఈ పదినిమిషాల పనిని వదిలేస్తే కొత్త కట్టకు పెట్టిన డబ్బుతోపాటు దారిలో ఎదురొచ్చే వాళ్ల ప్రాణాలూ ప్రమాదంలో పడతాయి.