కొలువు ఇచ్చిన్రు, చీపురు మాత్రం ఆమె చేతిల్నే ఉంచిన్రు

జర్మనీ ఒకప్పుడు రెండు దేశాలుగ ఉండె. 1949ల పుట్టిన తూర్పు జర్మనీల నలభై ఏండ్లు కమ్యూనిస్టులదే పెత్తనం. ఆ రాజ్యం ఆడోళ్లకు మంచి చేసిందా, చెడు చేసిందా అని ఇప్పటికీ వాదులాట నడుస్తనే ఉన్నది. అక్కడి బట్టలమిల్లుల పనిజేసిన ఒక మామూలు ఆడామె బతుకును చూస్తే రెండూ కనవడ్తయి.

ముందుగాల మంచి చెప్పుకుందాం. పొద్దుగాల పిల్లను శిశుకేంద్రంల ఇడిసి ఆమె షిఫ్టుకు పోయేది. 1980ల ఆఖరుకు మూడేండ్ల లోపు పిల్లలల్ల నూటికి 80 మంది దాకా గసొంటి కేంద్రాలకే పోయేటోళ్లు. చదువుకునేటోళ్లను కలుపుకుంటే, పనిజేసే ఈడున్న ఆడోళ్లల్ల నూటికి 90 మంది దాకా కొలువుల ఉండిరి. 1986 నుంచి మొదటి కాన్పుకు గూడ బిడ్డకు ఏడాది నిండేదాకా పైసలతోని సెలవు దొరికింది. పక్కనున్న పశ్చిమ జర్మనీల జూస్తే, ఇంటిపనికి అడ్డం రాకుంటేనే పెండ్లాం కొలువు చెయ్యాలె అనే చట్టం 1977 దాకా ఉండె.

ఇదంతా ఒట్టి ఆదర్శమే కాదు, అక్కెర గూడ. యుద్ధంల మొగోళ్లు మస్తుమంది సచ్చిపోయిన్రు. 1961ల బెర్లిన్ గోడ కట్టకముందు లక్షల మంది పడమటికి ఎల్లిపోయిన్రు. మిల్లులు నడవాల్నంటే మనుషులు గావాలె.

ఇగ రెండో దిక్కు. పెండ్లయి కొలువు జేసే ఆడోళ్లకు నెలకొక్క రోజు జీతంతోని సెలవు ఇచ్చిన్రు. దాని పేరే ‘ఇంటిపని దినం’. బట్టలు ఉతుకుడు, ఇల్లు సదురుడు ఆ దినం చేసుకోవాలె. సెలవు మంచిదే. గని మొగనికి మామూలుగ ఆ సెలవు లేదు. అంటే ఇంటిపని ఆమెదే అని సర్కారే రాసిచ్చినట్టు.

పైన కుర్చీల సంగతి గూడ గంతే. పార్టీల అసలు నిర్ణయాలు చేసే పొలిట్‌బ్యూరోల ఓటుహక్కున్న సభ్యురాలుగ ఒక్క ఆడామె గూడ కూసోలే. ఇది తప్పు అని బాజాప్తా సంఘం పెట్టి అడిగే స్వేచ్ఛ లేకుండె. గట్టిగ మాట్లాడితే రహస్య పోలీసుల కన్ను పడేది.

1990ల రెండు జర్మనీలు ఒక్కటైనంక తూర్పున మిల్లులు మూతబడ్డయి. కొలువులు పోయినోళ్లల్ల ఆడోళ్లే ఎక్కువ. పైనుంచి వచ్చిన హక్కులను కాపాడుకునేతందుకు ఆమె చేతిల సొంత సంఘం లేకపాయె.

తమ్ముండ్లారా, చెల్లెండ్లారా, పిల్లకు కొలువొస్తే సమానత్వం దానంతట అదే వస్తదని మనం అనుకుంటం. ఆమె నలభై ఏండ్లు కొలువు చేసింది. ఇంటికొచ్చి పొయ్యి ముట్టిచ్చింది గూడ ఆమెనే.